టోచో మఫ్లర్

ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. బావ సూట్‌కేసులోంచి అక్క ఇంకా పొద్దుతిరుగుడు గింజల పొట్టు దులుపుతూనే ఉంది. మర్చిపోకముందే రాసి పెడదామని కూర్చున్నాను. టికెట్లు ఎలా బుక్ చేశాం, ఏ విమానం ఎక్కాం అన్నవి వదిలేస్తున్నా. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఈ 2018 ప్రపంచకప్‌కి మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్లకి రష్యావాళ్లు ఫ్యాన్ ఐడీ అని మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. అదే వీసా. పైగా మ్యాచ్‌లు జరిగే ఊళ్ల మధ్య ప్రత్యేక రైళ్లు, ఉచితంగా.

ఈ ఆఖరి మాట వినగానే మా బావ కదిలారు. లాలాగూడ వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి నిరుడే రిటైరైన మనిషి. "ఫుట్‌బాల్ నువ్వు చూడరా, రైళ్లు నేను చూస్తా" అన్నారు. చేతిలో ఉన్నవి రెండు మ్యాచ్‌ల టికెట్లు, రెండూ రష్యా ఆడేవే. విదేశీయులకి దొరికే వాటిలో చవక రకం, ఒక్కోటి 105 డాలర్లు. మన డబ్బులో ఏడు వేలు పైన.

జూన్ 17, ఆదివారం, సెయింట్ పీటర్స్‌బర్గ్

ఇక్కడ రాత్రి అనేది రాలేదు. పదకొండున్నరకి కిటికీ బయట మన సాయంత్రం ఆరున్నర వెలుగు. బావ కళ్లకి తువ్వాలు కట్టుకుని పడుకున్నారు. నాకు నిద్ర పట్టక తెల్లారేదాకా (తెల్లారడం అనొచ్చో లేదో) దొర్లాను.

పొద్దున్నే ఉదెల్నయా సంతకి పోయాం. మెట్రో దిగి రైలు పట్టాలు దాటితే అచ్చం మన ఎర్రగడ్డ ఆదివారం సంత. నేల మీద పట్టాలు పరిచి సోవియట్ పతకాలు, సమోవార్ కుళాయిలు, ఒంటి చెప్పులు, బొమ్మల తలకాయలు. ఒక ముసలాయన కంచెకి మఫ్లర్లు గుచ్చి అమ్ముతున్నాడు. అన్నీ ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు జెనిత్‌వి, నీలం రంగువి, ఒక్కోటి 500 రూబుళ్లు. రూబుల్ అంటే మన రూపాయి మీద ఏడెనిమిది పైసలు ఎక్కువ, లెక్క సులువు. మూలన ఒకటి మాత్రం 150.

"చవగ్గా ఉంది, తీసుకో" అన్నారు బావ. దాని మీద అక్షరాలు కూడబలుక్కుని చదివారు. "టీ, ఓ, సీ, హెచ్, ఓ. టోచో."

ముసలాయన నవ్వలేదు. ఇక్కడ అమ్మేవాళ్లు నవ్వరు, అది అమర్యాద కాదని రెండో రోజుకి అర్థమైంది. మఫ్లర్ మీద వేలు పెట్టి "టోస్నో" అన్నాడు. వాళ్ల అక్షరాల్లో సీ లాంటిది 'స', హెచ్ లాంటిది 'న'. తర్వాత రెండు చేతులతో కప్పు ఎత్తినట్టు చూపించి, వెంటనే ఆ చేతుల్నే మెడ మీద అడ్డంగా గీసుకున్నాడు.

పక్క దుకాణంలో పాత ఫొటోలు అమ్ముతున్న అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. విషయం ఆమె చెప్పింది. టోస్నో ఇక్కడికి గంట దూరంలో ఉన్న చిన్న ఊరు. ఆ పేరుతో ఉన్న జట్టు మొన్న మే 9న వోల్గోగ్రాద్ కొత్త స్టేడియంలో కుర్స్క్ జట్టు అవాన్‌గార్ద్‌ని 2-1తో ఓడించి రష్యా కప్పు గెలిచింది. దేశంలో లీగు తర్వాత అంత పెద్దది ఆ కప్పే. నాలుగు రోజులకి లీగు సీజన్ ముగిసింది. పదహారు జట్లలో టోస్నోది పదిహేనో స్థానం, కింది డివిజన్‌కి జారింది. కప్పు గెలిస్తే యూరప్ పోటీకి వెళ్లాలి, దానికి లైసెన్సు రాలేదు. ఈ నెలలో క్లబ్బే మూసేశారు. డబ్బుల్లేవు.

కప్పు కొట్టిన నెలకి జట్టే లేకుండా పోవడం నేనెక్కడా వినలేదు. 150 ఇచ్చి మఫ్లర్ మెడలో వేసుకున్నాను. పద్దెనిమిది డిగ్రీల చలికి బాగానే పనికొచ్చింది.

జూన్ 18, టోస్నో

మాస్కో స్టేషన్ అని పేరున్న పీటర్స్‌బర్గ్ స్టేషన్లో లోకల్ రైలెక్కాం. (ఏ ఊరికి పోయే రైళ్లు అక్కణ్నించి బయల్దేరతాయో ఆ ఊరి పేరే స్టేషన్‌కి పెడతారు. బావకి ఇది తెగ నచ్చింది. "సికింద్రాబాద్‌ని కాజీపేట స్టేషన్ అనాలన్నమాట" అన్నారు.) చెక్క బల్లలు కావు, మెత్తటి సీట్లే. పెట్టె పెట్టెకీ ఒకడొచ్చి గొంతు చించుకుని సాక్సులు, టార్చిలైట్లు, జిగురు అమ్ముతున్నాడు. మా ఎంఎంటీఎస్ గుర్తొచ్చింది.

టోస్నోలో దిగి స్టేడియం వెతికాం. అడిగిన మొదటి మనిషి ఎడమకి చూపించాడు. రెండోవాడు కుడికి. ముప్పావుగంట నడిచాక ఒక స్కూలు వెనక మైదానం దగ్గర తేలాం. పదేళ్ల పిల్లలు ఆడుతున్నారు, ఇద్దరి చొక్కాల మీద రొనాల్డో పేరు, ఒకడి మీద రష్యా ఆటగాడు జ్యూబా పేరు. టోస్నో చొక్కా ఎవరికీ లేదు.

మైదానం గోడ పక్కన ఒక అమ్మమ్మ బకెట్లో నారు మొక్కలు పెట్టుకుని అమ్ముతోంది. నా మెడలో మఫ్లర్ చూసి ఏదో గట్టిగా అంది. ఫోన్లో అనువాదం పెట్టాను. "వాళ్లు ఇక్కడ ఎప్పుడాడారు? పెద్ద లీగులో ఉన్నప్పుడు ఒక్కటీ ఇక్కడ ఆడలేదు" అని వచ్చింది. నిజమే. పెద్ద లీగుకి కావలసిన స్టేడియం ఈ ఊళ్లో లేదు. సొంతగడ్డ మ్యాచ్‌లన్నీ పీటర్స్‌బర్గ్‌లోనే, జెనిత్ ఖాళీ చేసిన పాత పెత్రోవ్‌స్కీ స్టేడియంలో. ఆ స్టేడియం మా బసకి రెండు మెట్రో స్టేషన్ల దూరం! గంట రైలెక్కి వచ్చింది ఎందుకంటారా, ఈ అమ్మమ్మతో తిట్లు తినడానికి.

ఆమె ఇంకోమాట కూడా అంది. "పేరు మాది. జట్టు మాది కాదు." చెప్పి, మాకు ఏదీ కొనే ఉద్దేశం లేదని తెలిసినా టమాటా నారు రెండు మొక్కలు బావ చేతిలో పెట్టింది. అవి ఆ సాయంత్రం మా హోటల్ రిసెప్షన్ అమ్మాయికి చేరాయి. రెండా అని ఆమె మొహం అదోలా పెట్టింది. ఇక్కడ పూలు ఇస్తే బేసి సంఖ్యలో ఇవ్వాలి, సరిసంఖ్య చావు ఇంటికే. టమాటాకి ఆ పట్టింపు ఉండదని తర్వాత ఆమే సర్దిచెప్పుకుంది.

మధ్యాహ్నం అక్కడే స్తలోవయాలో తిన్నాం. మన సెల్ఫ్ సర్వీస్ మెస్ లాంటిది. ట్రే పట్టుకుని నడుస్తూ ఏం కావాలో వేలు చూపించడమే. బీట్‌రూట్ చారు బోర్ష్, గ్రేచ్కా అని ముదురు రంగు గింజల అన్నం, క్యాబేజీ పెట్టిన బన్ను, ఎండు పళ్ల నీళ్లు. ఇద్దరికీ 430 రూబుళ్లు. అన్నిటి మీదా సోయికూర చల్లుతారు. ఐస్‌క్రీమ్ మీద ఒక్కదాని మీదే చూడలేదు.

జూన్ 19, క్రెస్తోవ్‌స్కీ దీవి

రష్యా, ఈజిప్ట్. రాత్రి తొమ్మిదికి మొదలు, ఎండ ఇంకా ఉంది. మెట్రో దిగి దీవి చివరిదాకా పార్కులో నడవాలి. దారంతా ఫారో వేషాలు, ఎర్ర టోపీలు, అట్ట మీసాలు. మీసాలు కోచ్ చెర్చేసోవ్‌వి. టోర్నీకి ముందు ఈ జట్టుని దేశమంతా గాలికొదిలేసింది. ఏడు మ్యాచ్‌లుగా గెలుపు లేదు. ఫిఫా పట్టికలో 70వ స్థానం, ప్రపంచకప్‌లో ఆడుతున్న 32 దేశాల్లో అందరికన్నా కింద. అప్పుడు ఉర్గంత్ అనే టీవీ ఆయన "ఆశల మీసం" పెట్టుకోమని పిలుపిచ్చాడు. వెటకారానికి మొదలైంది. మొదటి మ్యాచ్‌లో సౌదీ మీద 5-0 అయ్యేసరికి వెటకారం పోయి మీసం మిగిలింది.

నా పక్క సీటాయన ఓడరేవులో క్రేన్ నడుపుతాడట. జెనిత్ మనిషి. మొదటి సగంలో గోల్ లేదు, ఆయనా నోరు మెదపలేదు. 47వ నిమిషంలో ఈజిప్ట్ ఆటగాడే సొంత గోల్లోకి కొట్టుకున్నాడు. 59లో చెరిషేవ్. 62లో జ్యూబా బంతిని ఛాతీ మీద దింపుకుని, తిరిగి, కొట్టాడు. క్రేన్ ఆయన నన్ను ఎత్తి దింపాడు. అలవాటైన పని కదా.

ఆయన సంతోషానికి వేరే కారణం ఉంది. జ్యూబా జెనిత్ ఆటగాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి. పోయిన సీజన్లో కోచ్ మాంచీనీకి అక్కర్లేక చలికాలంలో తూలా ఊరి జట్టు ఆర్సెనల్‌కి అప్పు పంపేశారు. అక్కడికి పోయి గోల్స్ కొట్టాడు, అందులో ఒకటి జెనిత్ మీదే. జెనిత్ ఐదో స్థానంలో మిగిలింది, మాంచీనీ ఇటలీ జాతీయ జట్టుకి వెళ్లిపోయాడు. ఇప్పుడు అదే జెనిత్ స్టేడియంలో జ్యూబా ఇలా. "మన ఇంట్లోంచి పంపేసిన అల్లుడు కలెక్టరై తిరిగొచ్చినట్టు" అన్నారు బావ. దాన్ని అనువదించడానికి నేను ప్రయత్నించలేదు.

సలాహ్ పెనాల్టీతో ఒకటి తిరిగిచ్చాడు. 3-1. అర్ధరాత్రి మెట్రోలో ఎస్కలేటర్ పొడవునా "రస్సీ-యా" అని మూడు చప్పట్లు. పగలంతా మొహాన నవ్వు లేని జనం. ఒక పోలీసాయన టోపీ తీసి బావ నెత్తిన పెట్టి ఫొటో దిగాడు.

జూన్ 20, 21

కాళ్ల నొప్పులు. బల్షాయా కన్యూషెన్నయా వీధిలో పాత సోవియట్ కాలపు పిష్కీ దుకాణం ఉంది. పిష్కీ అంటే మైదాతో చేసి నూనెలో వేయించి పంచదార పొడి చల్లే గారె. చిల్లుతో సహా మన గారె ఆకారమే. ఒక్కోటి పదిహేను రూబుళ్లు కూడా లేదు, లైను వీధిదాకా. కూర్చునే చోటు తక్కువ, నిలబడి తిని చేతులు కాగితానికి తుడుచుకుని పోవాలి. బావ ఆరు తిన్నారు.

పెత్రోవ్‌స్కీ స్టేడియం దాకా నడిచాం. గేటు వేసి ఉంది. మఫ్లర్‌ని గేటు కడ్డీకి కట్టి ఫొటో తీసుకున్నాను. కాపలా ఆయన వచ్చి చూసి, ఏమీ అనకుండా వెనక్కి పోయాడు.

జూన్ 22, 23, రైలు

ఇది బావ అధ్యాయం. ఎక్కకముందే పట్టాల మధ్య దూరం అడుగులతో కొలిచారు. "మనది 1676 మిల్లీమీటర్లు. వీళ్లది 1520. మనకన్నా సన్నం, అయినా కుదుపు లేదు." సమారాకి దాదాపు రెండు రాత్రుల ప్రయాణం. పెట్టెకి ఒక ప్రొవొద్నిత్సా ఉంటుంది, ఆ పెట్టెకి ఆవిడే సర్వాధికారి. దుప్పటి, శుభ్రత, తలుపు తాళం, వేణ్నీళ్ల బాయిలరు అన్నీ ఆవిడ చేతిలో. గాజు గ్లాసు వేడికి కాలకుండా లోహపు తొడుగులో పెట్టి టీ ఇస్తుంది. బావ దాన్ని తిప్పి తిప్పి చూశారు. కొనొచ్చు కూడా, కానీ ధర విని కిందపెట్టారు.

23 శనివారం. బావ శనివారం మాంసం ముట్టరు. అందుకే రష్యన్‌లో ఒకే ఒక్క ముక్క నేర్చుకొచ్చారు, "బెజ్ మ్యాసా." మాంసం లేకుండా అని. ఆ రెండు మాటలతో రెండు వారాలు నెట్టుకొచ్చారు. స్టేషన్లో బండి ఆగినప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద బకెట్ల ముందు నిలబడి "బెజ్ మ్యాసా?" అంటే అమ్మమ్మలు ఆలుగడ్డ బన్నులు తీసిచ్చేవాళ్లు. వాటిలోకి మా ఆవకాయ.

ఎదుటి బెర్తులో యాభై ఏళ్లాయన, పెర్మ్ ఊరివాడు, స్కూల్లో ఫిజిక్స్ మాస్టారు. వచ్చీరాని ఇంగ్లీషు. ఆవకాయ ముక్క నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లతోనే ఇంకోటి అడిగాడు. అప్పుడు నా మఫ్లర్ చూశాడు. కాసేపు ఊరుకుని తన సంచిలోంచి ఒకటి తీశాడు. ఎరుపు, నలుపు. ఆమ్కార్.

పెర్మ్‌లో ఎరువుల ఫ్యాక్టరీ జట్టు అది. అమోనియా, కార్బమైడ్ అనే రెండు పేర్ల ముందు ముక్కలు కలిపి ఆమ్కార్ అయింది. (మన రామగుండం యూరియా ఫ్యాక్టరీ పేరు మీద జట్టు ఉందనుకోండి.) 2004 నుంచి వరసగా పెద్ద లీగులో ఉంది. ఈ మే నెలలో కింది డివిజన్ జట్టుతో ప్లేఆఫ్ ఆడి గెలిచి నిలబడింది కూడా. జూన్ 13న లైసెన్సు రద్దయిందని కబురు. 14న మాస్కోలో ప్రపంచకప్ మొదలు. "ఆ ఐదు గోల్స్ చూస్తూ అరిచాను. అరుస్తూనే మా జట్టు లేదని గుర్తొచ్చేది" అన్నాడు. ప్లేఆఫ్‌లో ఓడి దిగిపోవాల్సిన మఖాచ్‌కలా జట్టు అంజీ ఇప్పుడు ఆమ్కార్ పోవడంతో నిలబడింది.

ఎందుకిలా అని అడిగాను. కాగితం తీసి మాస్టారు పద్ధతిలో గీశాడు. ఇక్కడ క్లబ్బులు ఎక్కువగా టికెట్ల మీద బతకవు. ప్రాంతం బడ్జెట్టు ఇస్తుంది, లేదా ప్రభుత్వ కంపెనీ ఇస్తుంది, లేదా ఒక ధనవంతుడు. గవర్నరు మారితే, కంపెనీకి విసుగొస్తే, అంతే. మళ్లీ ఒక నిబంధన: లీగు మ్యాచ్‌లో మైదానంలో విదేశీయులు ఆరుగురికి మించకూడదు. అంటే ఐదుగురు స్వదేశీయులు తప్పనిసరి. బాగా ఆడేవాడికి ఇక్కడే మంచి జీతం దొరుకుతుంది, బయటికి పోడు. జాతీయ జట్టులో 23 మందిలో విదేశీ క్లబ్బుల్లో ఆడేది ఇద్దరే, చెరిషేవ్, రెండో వరస గోల్‌కీపర్ గబులోవ్. మంచిదా చెడ్డదా అంటే భుజాలెగరేశాడు. "ఈ నెల వరకు మంచిది."

బావ ఇదంతా విని ఒకే ప్రశ్న వేశారు. "మరి ఫ్యాక్టరీ నడుస్తోందా?" నడుస్తోందన్నాడు. "అయితే పర్లేదు" అన్నారు. మాస్టారు పెద్దగా నవ్వాడు. నాకు మాత్రం పర్లేదనిపించలేదు.

జూన్ 24, 25, సమారా

ముప్పై రెండు డిగ్రీలు. పీటర్స్‌బర్గ్ చలికోట్లు సంచుల్లోకి, మఫ్లర్ నడుముకి. వోల్గా ఒడ్డున ఇసుకలో ఊరు ఊరంతా పడుకుని ఉంది. గోదావరి పుష్కరాలకి తప్ప అంతమందిని నది ఒడ్డున చూడలేదు. పసుపు పీపాల్లోంచి పోసిచ్చే క్వాస్ అనే రొట్టె పానీయం, పులిసిన గంజి రుచి, ఎండలో ప్రాణం లేచొస్తుంది. అదే క్వాస్‌లో దోసకాయ, ముల్లంగి, గుడ్డు, మళ్లీ సోయికూర వేసి చల్లని చారు చేస్తారు, అక్రోష్కా. మొదటి చెంచాకి బావ మొహం చిట్లించి, మూడో చెంచాకి "చద్దన్నంలో మజ్జిగే కదరా" అని గిన్నె ఖాళీ చేశారు.

జిగులీ బీరు ఫ్యాక్టరీ గోడ పక్కన "అట్టడుగున" అని అర్థం వచ్చే పేరుతో ఒక దుకాణం ఉంది. జనం ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చుకుని పట్టించుకుపోతారు, మన కల్లు కాంపౌండే. ఎండు చేప తోలు తీసి నంజుకోవడం ఒకతను నేర్పించాడు. క్రిల్యా సొవెతోవ్ అభిమాని. సోవియట్ రెక్కలు అని అర్థం. యుద్ధంలో జర్మన్లు దగ్గరపడినప్పుడు విమాన కర్మాగారాల్ని మాస్కో వైపు నుంచి ఇక్కడికి తరలించారు, 1942లో ఆ కార్మికుల్లోంచి పుట్టిన జట్టు. ఆ కర్మాగారాలున్న పేట పేరు బెజిమ్యాంకా, అంటే పేరులేనిది. పాత స్టేడియం అక్కడే. కిందటి నెల రెండో డివిజన్లో రెండో స్థానంలో నిలిచి మళ్లీ పెద్ద లీగుకి వచ్చారు. కొత్త స్టేడియం ఊరికి దూరంగా గుట్ట మీద, దిగిన అంతరిక్ష నౌకలాగా.

ఆ స్టేడియం లైన్లో వెనకనుంచి "అన్నా, తెలుగా?" అని వినిపించింది. నలుగురు కుర్రాళ్లు, మెడిసిన్ విద్యార్థులు. ఒకడిది ఖమ్మం, ఒకడిది నంద్యాల. పరీక్షలైపోయాయట. "ఇక్కడ ఫుట్‌బాల్ కంటే హాకీ ఎక్కువ అన్నా. చలికాలం మూడు నెలలు లీగే ఆపేస్తారు, మంచులో ఎవడాడతాడు" అన్నాడు నంద్యాల అబ్బాయి. బావ తన చేతిసంచిలోంచి కందిపొడి ప్యాకెట్ తీసిచ్చారు. ఖమ్మం అబ్బాయి దాన్ని అక్కడే వాసన చూశాడు. ఇక ఆ మాట ఎవరం పొడిగించలేదు.

మ్యాచ్ గురించి ఎక్కువ లేదు. ఉరుగ్వే 3, రష్యా 0. సువారెజ్ ఫ్రీ కిక్, చెరిషేవ్ కాలికి తగిలి సొంత గోల్, స్మోల్నికోవ్‌కి రెండో పసుపు కార్డుతో 36వ నిమిషానికే బయటికి దారి, ఆఖర్న కవానీ. అప్పటికే ఇద్దరూ తర్వాతి రౌండుకి చేరిపోయారు కాబట్టి ఏడుపులు లేవు. జనం నిలబడి పాడుతూనే ఉన్నారు.

మర్నాడు మాస్కో రైలుకి పరిగెత్తుకుంటూ స్టేషన్‌కి వస్తే బండి లేదు. పోయిందేమోనని టెన్షన్. విచారణ కిటికీ ఆవిడ గోడ గడియారం చూపించింది. రష్యా రైల్వేలో టికెట్లూ గడియారాలూ దేశమంతా మాస్కో టైమే చూపిస్తాయి. సమారా టైము గంట ముందు. అంటే మేం గంట ముందొచ్చాం. పదకొండు కాలమండలాల దేశం, ఒకే రైల్వే గడియారం. "క్రమశిక్షణ!" అన్నారు బావ, చెమట తుడుచుకుంటూ. ఈ ఆగస్టు నుంచి స్థానిక టైముకి మారుస్తున్నారని ఆవిడే చెప్పింది. బావకి అది అస్సలు నచ్చలేదు.

జూన్ 28 నుంచి 30, మాస్కో

చెర్కిజోవ్‌స్కయా మెట్రో దిగితే ఎదురుగా లోకోమోటివ్ స్టేడియం, ఆవరణలో నిజమైన ఆవిరి ఇంజను. ఇది రష్యా రైల్వేల జట్టు, ఈ ఏటి చాంపియన్. మే 5న ఇక్కడే జెనిత్‌ని 87వ నిమిషం గోల్‌తో 1-0 ఓడించి 2004 తర్వాత మళ్లీ లీగు గెలిచారు. ఆ గోల్ ఎదెర్‌ది, 2016లో పోర్చుగల్‌కి యూరో ఫైనల్లో గోల్ కొట్టినవాడే. కోచ్ స్యోమిన్‌కి డెబ్బై దాటుతున్నాయి. 2004లోనూ ఆయనే. రైల్వే రిటైర్డ్ ఉద్యోగి ఆ ఇంజను ముందు పదిహేను ఫొటోలు దిగారు. "మన రైల్వేకీ టీముంది, ఇలా స్టేడియం ఇస్తే..." అని ఆపేశారు.

మాస్కో జట్లన్నీ ఏదో ఒక శాఖ పిల్లలే. సీఎస్కేఏ సైన్యానిది, దినామో పోలీసుది, తర్పేదో లారీల ఫ్యాక్టరీది. మాకిది కొత్తేం కాదు. కోచ్ రహీం సాబ్ చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ కొట్టింది. బావ నాన్నగారు ఫతే మైదాన్‌లో ఆ జట్టుని చూసిన మనిషి. అదే రహీం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు. ఆ బంగారు పతకం సోవియట్లది, గోల్‌కీపర్ యాషిన్. ఈ ప్రపంచకప్ పోస్టర్ మీద టోపీతో గాల్లో ఎగురుతున్నది ఆయనే. ఊరంతా అంటించారు.

30న తూషినో, స్పార్తాక్ స్టేడియం. కంచె బయట నుంచే చూశాం. ఇక్కడి మెట్రో స్టేషన్ 1970ల్లో కట్టి, చుట్టూ ఊరు లేదని తెరవకుండా వదిలేస్తే, 2014లో స్టేడియంతో పాటు తెరిచారు. శనివారం. బావ బండి దగ్గర ఎప్పటిలాగే "బెజ్ మ్యాసా" అన్నారు. అమ్మేవాడు తిప్పి "స్పార్తాక్ దగ్గర బెజ్ మ్యాసా?" అని లైనంతా వినేలా అరిచాడు. అందరూ నవ్వారు. నవ్వని దేశంలో! ఒకాయన వివరించాడు. స్పార్తాక్ ఒకప్పుడు ఆహార కార్మికుల సంఘం జట్టు. అందుకే అభిమానులకి మాంసం అని పేరు. "మనమెవరం?" అని ఒకడరిస్తే వేలమంది "మ్యాసా!" అంటారట. బావకి జున్ను రొట్టె దొరికింది, డబ్బులు తీసుకోలేదు.

జూలై 1, పిచ్చుకల కొండ

స్పెయిన్‌తో మ్యాచ్‌కి టికెట్ లేదు. లుజ్నికీ స్టేడియం నదికి అవతల కనపడుతుంటే ఇవతల కొండ మీద, యూనివర్సిటీ ముందు, పెద్ద తెరల దగ్గర నిలబడ్డాం. 12వ నిమిషంలో ఇగ్నషేవిచ్ మడమకి తగిలి సొంత గోల్. ముప్పై ఎనిమిదేళ్ల సీఎస్కేఏ డిఫెండర్. గాయాల వల్ల కుర్రాళ్లు తప్పుకుంటే మళ్లీ పిలిపించుకున్నారు. 41లో స్పెయిన్ ఆటగాడు పికే చెయ్యి తగిలి పెనాల్టీ, జ్యూబా కొట్టాడు. ఆ తర్వాత ఆట అంటే స్పెయిన్‌వాళ్లు బంతిని ఇటు నుంచి అటు తిప్పడం, రష్యావాళ్లు గోడలా నిలబడటం. గంటన్నర పైన. బావ అక్కడే గడ్డి మీద కూర్చుని ఒక కునుకు తీశారు. అదనపు సమయంలో వాన వచ్చి లేపింది.

పెనాల్టీలప్పుడు అవతలి ఒడ్డు నుంచి హోరు వచ్చేది. తెర మీది బొమ్మకన్నా ముందొచ్చిందో వెనకొచ్చిందో చెప్పలేను, గుండెకి మాత్రం రెండుసార్లు తగిలేది. ఇగ్నషేవిచ్ ఈసారి సరైన గోల్లో వేశాడు. స్పెయిన్ ఆటగాడు కోకే కొట్టింది రష్యా గోల్‌కీపర్ అకిన్‌ఫేయెవ్ ఆపాడు. ఆస్పాస్ కొట్టిందానికి ఒకవైపు దూకేశాడు, బంతి మధ్యలోకి వచ్చింది, వెనకబడ్డ ఎడమ కాలు గాల్లో తగిలింది. 2014లో కొరియా మ్యాచ్‌లో చేతిలోంచి బంతి జారవిడిచి దేశంతో తిట్లు తిన్న మనిషే ఆ కాలుకి యజమాని.

తర్వాత ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలీదు. తడిసిన మఫ్లర్ చూసి ఒక కుర్రాడు ఆగాడు. ఇద్దరు పిల్లల్ని చెరో భుజాన ఎక్కించుకుని ఉన్నాడు. "టోస్నో?" అన్నాడు. నేను తలూపాను. ఫ్రెండ్స్‌ని పిలిచి చూపించాడు, వాళ్లు ఐదుగురూ కలిసి, ఆ వానలో, ఆ గోలలో, "టోస్-నో! టోస్-నో!" అని అరిచారు. మహా అయితే పది సార్లు. తర్వాత మళ్లీ "రస్సీ-యా"లో కలిసిపోయారు.

మర్నాడు బయల్దేరేటప్పుడు బస ఇచ్చిన ఇంటావిడ మమ్మల్ని సూట్‌కేసుల మీద కూర్చోబెట్టింది. ప్రయాణానికి ముందు ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలట. గడప మీద నుంచి చెయ్యి కలపబోతే లోపలికి లాగి మరీ కలిపింది. శకునాల్లో మా అమ్మమ్మకి తీసిపోదు.

జూలై 7, సికింద్రాబాద్

సోచిలో క్రొయేషియాతో క్వార్టర్ ఫైనల్. మనకి రాత్రి పదకొండున్నరకి మొదలై రెండు దాటింది. చెరిషేవ్ గోల్, 115వ నిమిషంలో రష్యా ఆటగాడు ఫెర్నాండెస్ తలతో 2-2, చివరికి అదే ఫెర్నాండెస్ పెనాల్టీ బయటికి. అయిపోయింది. ఆ సోచి స్టేడియానికి కూడా ఇప్పుడు ఒక జట్టు దొరికింది, పీటర్స్‌బర్గ్‌లో ఉన్న దినామోనే అక్కడికి తరలిస్తున్నారట. పేరు ఒక ఊరిది, జట్టు ఇంకో ఊరిది. టోస్నో అమ్మమ్మకి చెప్పాలనిపించింది. ఈ నెల 28న కొత్త లీగు మొదలు. టోస్నో, ఆమ్కార్ పట్టికలో ఉండవు.

అక్క మఫ్లర్ ఉతికి మేడ మీద తీగకి ఆరేసింది. పక్కింటి పిల్లాడు గోడ మీంచి తొంగి చూసి గట్టిగా చదివాడు. "టోచో!"

"టోస్నో రా" అన్నారు బావ, పేపర్లోంచి తలెత్తకుండా. "కప్పు కొట్టిన టీము."